కారుకు జలుబు చేసింది

3వ తేదీ, మంగళవారం

కోడలిని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. ఇంటికి వచ్చింది గానీ ఇంట్లోకి వచ్చినట్టు లేదు. నేరుగా మూలగదిలోకి వెళ్లింది, తలుపు వేసేశారు.

రక్తానికి వచ్చిన జబ్బు. దాని పేరు ఇక్కడ రాయను, రాసి దాని పరువు పెంచను. ఎక్కించిన మందులకి రక్తంలో తెల్లకణాలు అడుగంటాయట. అవి పెరిగేదాకా ఎవరి దగ్గూ తుమ్మూ దుమ్మూ ఆ గదిలోకి పోకూడదు. మూతికి గుడ్డ కట్టుకుని మా అబ్బాయి ఒక్కడే వెళ్లాలి. రోజు విడిచి రోజు నర్సమ్మ వస్తుంది. మిగతా వాళ్లం తలుపు ఇవతలి జనం.

మనవరాలికి ఏడేళ్లు. దానికొక పేరుంది, బళ్లో వాడుకుంటారు. ఇంట్లో పిడుగు. పిడుగుకి పదిరోజులుగా జలుబు. అంచేత ఆ తలుపు ఛాయలకి కూడా పోవద్దని ఆర్డరు.

కోడలి తల్లి, అంటే నా వియ్యపురాలు, కూడా దిగింది. కూతురికి ఒంట్లో బాగోలేకపోతే తల్లి రాకుండా ఎలా ఉంటుంది, సబబే. కుట్టుమిషను ఎందుకు మోసుకొచ్చిందో మాత్రం అర్థం కాలేదు.

ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. రాసుకోని పరిశీలన పరిశీలనే కాదని పిల్లల బుర్రలు తిన్నదాన్ని. అందుకే ఈ డైరీ. ఇంకే కారణమూ లేదు.

4, బుధవారం

నా దిండు గలేబుకి దారం వేలాడుతోందని వియ్యపురాలు కత్తెరతో కత్తిరించింది. ఆ దిండు మీద నా తల ఉంది.

5, గురువారం

కోడలు ఫోన్ చేసింది. గోడకి అవతలి నుంచి ఇవతలికి ఫోను, కాలమహిమ. పిడుగుని పిలిస్తే మంచం కిందకి దూరింది.

"అమ్మ మాట్లాడుతుందే, రా."

"నాకు పనుంది."

"మంచం కింద ఏం పనే నీకు?"

"చాలా ఉంది నానమ్మా. నీకు తెలీదు."

ఫోను చేతులు మారి మారి చల్లబడింది. కోడలు "పోనీలెండత్తయ్యా, అలిగినట్టుంది" అంది. గొంతు తేలిగ్గానే పెట్టింది. పెట్టడం నాకు వినిపించింది.

పనుందన్న మాట అబద్ధం కాకుండా చెయ్యాలనుకుందో ఏమో, పిడుగు మంచం కిందినుంచి ఒక అట్టపెట్టె ఈడ్చుకొచ్చింది. మా వాడు కాలేజీ రోజుల్లో ఏదో పోటీకి చేసిన రిమోట్ కారు అవశేషాలు. కారు లేదు. రెండు పుల్లల రిమోటు, లాగితే నా ఎత్తు సాగే యాంటెన్నా, ఒక రిసీవరు, రెండు సర్వోలు. సర్వో అంటే చెప్పినంత మేరకే తిరిగి అక్కడే ఆగే చిన్న మోటారు. మగపిల్లల్ని కూడా అలా తయారుచేస్తే ఎంత బాగుండేది.

బ్యాటరీలు లోపలే వదిలేశాడు మా మహానుభావుడు. అవి కారి, రేకులన్నీ పచ్చగా చిలుం పట్టాయి.

7, శనివారం

నిమ్మరసంతో చిలుం వదిలించాను. కారు చేస్తామని ప్రకటించాను. ఆ కారు గడప దాటి మూలగదిలోకి వెళ్లొస్తుంది, పిడుగు బదులు.

అబ్బాయి నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. "బజార్లో కొత్తది దొరుకుతుంది కదమ్మా. ఎందుకీ పాత ఇనుము?"

"దొరుకుతుందిరా. సాయంత్రానికి వస్తుంది, రేపటికి విరుగుతుంది. ఎల్లుండి నుంచి పిల్ల మళ్లీ ఆ తలుపు వంకే చూస్తూ కూర్చుంటుంది. నాకు కావాల్సింది కారు కాదు, పని."

"పిడుక్కా, నీకా?"

ఈమధ్య వాడికి నోరు లేస్తోంది. అయినా మందుల షాపువాడు మన జేబులు ఉతికి ఆరేసిన ఇంట్లో కొత్త బొమ్మ మాట ఎత్తడానికి వాడికి బుద్ధి ఉండాలి.

నర్సమ్మని అడిగాను. ప్లాస్టిక్కూ లోహమూ అయితే స్పిరిట్‌తో బాగా తుడిచి పంపొచ్చు. గుడ్డ, మట్టి, పువ్వులు వద్దంది. తుడిచే ఉద్యోగం వియ్యపురాలు అడక్కుండానే పుచ్చుకుంది.

10, మంగళవారం

కారు స్థితి: అడుగుభాగం పిడుగు పాత టిఫిన్ డబ్బా మూత. చక్రాలు మందుసీసాల మూతలు, ఇంట్లో వాటికి కరువు లేదు. జారకుండా చుట్టూ సైకిలు ట్యూబు ముక్కలు. మోటారు చచ్చిపోయిన ప్రింటరుది. బెల్టు పాత టేపురికార్డరుది. ఒక సర్వో ముందు చక్రాలు తిప్పుతుంది, రెండోది స్విచ్చుని ముందుకీ వెనక్కీ తోస్తుంది.

టేపురికార్డరు ఇచ్చింది పక్కవీధి టీవీ మెకానిక్కు. నా దగ్గర చదివి, రెండుసార్లు తప్పినవాడు. రిమోటు చూసి లేచి నిలబడ్డాడు. "ఇది నడవదు మేడమ్. మ్యూజియంలో పెట్టండి" అన్నాడు.

"నిన్ను కూడా పై క్లాసుకి పోడన్నారు. పోలేదూ?"

"మీరే అన్నారు మేడమ్."

బెల్టు ఊరికే ఇచ్చాడు పాపం.

పిడుగు స్క్రూడ్రైవరు బాగా పడుతుంది. మరలు వదులు చేస్తూ మాట్లాడుతుంది, బిగిస్తూ మానేస్తుంది. అమ్మ గురించి ఒక్క మాట రాదు. నేను అడగలేదు. బిగిసిన మరని ఇంకా తిప్పితే తల అరిగిపోతుంది.

11, బుధవారం

కారు కదల్లేదు. రక్తపరీక్షలో కణాలు పెరగలేదు.

12, గురువారం

కదల్లేదు. రిసీవరు పోయినట్టుంది. టీవీ మెకానిక్కు ముఖం ఎలా చూడాలి.

13, శుక్రవారం

రిమోట్లో ఒకటి, రిసీవర్లో ఒకటి క్రిస్టల్ అని గోరంత రేకు డబ్బీలుంటాయి. జంటగా అమ్ముతారు. చూడ్డానికి కవల పిల్లలు, కానీ ఒకదాని చోట ఇంకొకటి పెడితే రిమోటు ఒక భాష మాట్లాడుతుంది, కారు ఇంకో భాష వింటుంది. ఇద్దరు వియ్యపురాళ్లని వంటింట్లో పెట్టినట్టు. తుడిచినప్పుడు అవి తారుమారయ్యాయి. వాటి మీద అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. తప్పు తయారుచేసినవాడిది.

చెరిగిపోలేదు. నేనే కళ్లజోడు పెట్టుకోలేదు.

మార్చి పెట్టగానే కారు ఎగిరి గోడకి కొట్టుకుంది. పిడుగు కేక వేసింది. వాళ్లమ్మ ఇంటికి వచ్చాక పిల్ల అంత గట్టిగా అరవడం ఇదే. మూలగదిలోంచి తలుపు మీద రెండుసార్లు కొట్టిన చప్పుడు. కోడలు. పిడుగు నోరు మూసుకుంది, రెండు చేతులతో.

సాయంత్రం బ్యాటరీలు తీసి డబ్బాలో పెట్టాను. రోజూ తీసేస్తాను. మళ్లీ వాడతామో లేదో తెలియని వస్తువులో బ్యాటరీ ఉంచకూడదు.

15, ఆదివారం

కారు గడప దాటింది.

గడప ఎత్తుకి అబ్బాయి అట్టముక్క వాలుగా పెట్టాడు. పిడుగు హాల్లో దూరంగా కూర్చుని పుల్లలు తిప్పింది. వియ్యపురాలు గుమ్మం పక్కన నిలబడి, "కుడికి, కుడికి, నీ కుడి కాదే, దాని కుడి" అని ట్రాఫిక్ పోలీసు వేషం కట్టింది. మూత మీద, తుడిచిన ప్లాస్టిక్ కవర్లో పిడుగు గీసిన బొమ్మ. అమ్మ బొమ్మ. జడ పాదాల దాకా వేసింది.

లోపల్నించి నవ్వు వినిపించింది. తరవాత కారు తిరిగొచ్చింది.

మూత మీద కోడలి జడక్లిప్పు. మందుపెట్టె అట్ట మీద రాసి పంపింది: 'ప్రస్తుతం నా దగ్గర దీనికి ఉద్యోగం లేదు. నువ్వు వాడుకో.'

"అమ్మ జడ వేసుకోదా?" అంది పిడుగు.

"మందులకి జుట్టు రాలింది. మళ్లీ వస్తుంది."

"ఎవరు చెప్పారు?"

"సైన్సు చెప్పింది."

తృప్తిపడింది. సైన్సు మాట మీద నాకున్నంత గురి దానికీ ఉంది. ఈరోజు మాత్రం దానికే కొంచెం ఎక్కువుంది.

వియ్యపురాలు వెళ్లి మిషను ముందు కూర్చుంది. చాలాసేపు తొక్కింది. అటుగా వెళ్తూ చూశాను. సూది కింద గుడ్డ లేదు.

మిషను ఎందుకు మోసుకొచ్చిందో తెలిసింది.

16, సోమవారం

కోడలికి జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్లారు.

17, మంగళవారం

జ్వరం.

కారు అటక మీద పెట్టేశాను. బ్యాటరీలు తీశానా లేదా అని మళ్లీ ఎక్కి చూశాను. తీశాను.

నిన్ననో మొన్ననో ఆ చక్రాలకి ఏదైనా అంటుకుని ఉంటుందా? సైకిలు ట్యూబు గీతల్లో స్పిరిట్ పోతుందా? నర్సమ్మని అడగాలి.

అడగలేదు. కుళాయిలో నీళ్లు రాలేదు, నీళ్ల సంగతి చూశాను.

వియ్యపురాలు నాతో మాట్లాడ్డం లేదు. నేనూ ఆమెతో. పిడుగు ఎవరితోనూ లేదు. ఇల్లు మహా ప్రశాంతంగా ఉంది.

18, బుధవారం

జ్వరం దిగింది. సాయంత్రం తీసుకొచ్చేశారు. అబ్బాయి లోపల్నించి వచ్చి, "కారేదీ అని అడుగుతోందమ్మా" అన్నాడు.

"బెల్టు జారింది" అన్నాను. బెల్టు శుభ్రంగా ఉంది.

19, గురువారం

నర్సమ్మ చేతులు కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని నిలబడి అడిగాను. ఎంత మామూలుగా అడిగానంటే, అసలు సంగతికి రావడానికి ముందు వాతావరణం, ఆమె పిల్లల చదువు, బస్సుల రద్దీ అన్నీ అయ్యాయి.

"కారా? కారు వల్ల కాదండీ! మందులెక్కించడానికి చేతికి గొట్టం పెట్టారు కదా, ఆ గుచ్చిన చోట చీము పట్టింది. గొట్టం మార్చేశారు. కారు పంపండి మీరు. ఆవిడ ఇప్పటిదాకా ఆ కారు గురించే చెప్పింది నాకు."

తువ్వాలు ఆమెకి ఇవ్వడం మర్చిపోయి నేనే ముఖం తుడుచుకున్నాను.

కారు దించాను. వియ్యపురాలు తుడిచింది. చాలాసేపు తుడిచింది. పిడుగు పుల్లలు పట్టుకుంది. కారు వాలు ఎక్కింది, గడప దాటింది, గది మధ్యకి వెళ్లింది. అక్కడ ఒక్కసారి వణికింది. ముందు చక్రాలు గజగజలాడాయి. ఆగిపోయింది. పిడుగు పుల్లలు ఎంత తిప్పినా మళ్లీ వణకడమే తప్ప కదలడం లేదు.

పిడుగు రిమోటు కింద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"చలిజ్వరం వచ్చింది దానికి" అంది. "నా జలుబే."

"ఏమన్నావే?"

"కారుకి నా జలుబు అంటింది. అమ్మకి కూడా నాదే అంటింది. ముందు జలుబు నాకే వచ్చింది. తరవాతే అమ్మ ఆసుపత్రికెళ్లింది. నేను అమ్మ పక్కలో పడుకుని తుమ్మాను. చాలాసార్లు తుమ్మాను నానమ్మా."

"మరి ఫోన్లో ఎందుకు మాట్లాడవు?"

"తుమ్మొస్తే? లోపలికెళ్లిపోతుందిగా."

మంచం కింద దానికున్న పని అదీ. ఇన్నాళ్లూ అక్కడ పడుకుని అమ్మని కాపాడుతోంది.

దాన్ని దగ్గరికి తీసుకోబోయేసరికి ఇంకొకరు అడ్డొచ్చారు. వియ్యపురాలు కింద చతికిలబడి పిడుగు పాదాలు పట్టుకుంది.

"నీది కాదు తల్లీ. నాది. నేను చేశాను. జ్వరం వచ్చినప్పట్నించీ నా తుడవడం చాల్లేదేమోనని చస్తున్నా. ఇవాళ తుడుస్తుంటే చూశా, దానికో తీగ తోకలాగ వేలాడుతోంది, నేలంతా రాసుకుంటూ దుమ్మంతా పోగేసుకునేది అదే. అందుకని..." అని పైటకొంగు ముడి విప్పింది. అందులో రిసీవరు యాంటెన్నా తీగ. బెత్తెడు మాత్రం కారుకి వదిలి, మిగిలిందంతా కత్తిరించింది. "పారెయ్యలేదు వదినగారూ. పనికొస్తుందేమోనని ఉంచా. తిట్టండి."

తిట్టడానికి నా దగ్గర సరంజామా సిద్ధంగానే ఉంది. చక్కటివి, ఎన్నాళ్ల నుంచో పదును పెట్టుకున్నవి. ఒక్కటీ బయటికి రాలేదు. క్రిస్టల్స్ తారుమారు చేసి రెండు రోజులు తయారుచేసినవాడిని తిట్టుకున్నదాన్ని. ట్యూబు గీతల గురించి అటక ఎక్కి దిగినదాన్ని. ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే నేరం ఎవరికి వాళ్లం మోస్తూ తిరిగాం, ఒకరికొకరు చెప్పకుండా.

"ఆ తీగ దాని చెవి వదినగారూ" అన్నాను. "చెవి కోసేస్తే దూరం నుంచి పిలిస్తే వినపడదు. దగ్గరికెళ్లి పిలవాలి. అంతే. జ్వరమూ లేదు, పాడూ లేదు."

అంతలో లోపల్నించి కోడలి గొంతు. "అత్తయ్యా, దీన్ని నేను తోసేదా?"

"తొయ్యమ్మా" అన్నాను. వంగి తోసినట్టుంది. గడప దగ్గరకొచ్చి ఆగింది. మేం ముగ్గురం దాన్ని ఆసుపత్రి నుంచి వచ్చినదాన్ని తీసుకున్నట్టు తీసుకున్నాం.

20, శుక్రవారం

తీగ అతికించాను. వియ్యపురాలు టార్చి పట్టింది, ఊపిరి కూడా బిగబట్టింది. అతుకు మీద రెగ్జిన్ గొట్టం కుట్టి తొడిగింది. పైగా స్వెటరు అల్లే సూది ఒకటి కారు మీద నిలబెట్టి తీగని దానికి చుట్టేసింది. ఇప్పుడు తీగ నేలకి తగలదు. అన్నేళ్లు చదివిన నాకు తట్టలేదని రాయను. తట్టేదే, ఇంకో రోజుకి.

కానీ పిడుగు రిమోటు ముట్టుకోలేదు.

"నర్సాంటీ అబద్ధం చెప్పిందేమో. పెద్దవాళ్లు చెప్తారు."

దీనితో వాదించడం అనవసరం, నా రక్తం. ప్రయోగం పెట్టాను. రెండు ఫోన్లు. ఒకటి హాల్లో పిడుగు దగ్గర, ఒకటి వంటింట్లో మా దగ్గర. రెండింటి ముందూ నల్ల పళ్లెం, పళ్లెంలో పల్చగా సుద్దపొడి. సుద్ద వియ్యపురాలిది, గుడ్డ మీద గీతలు గీసేది. అరగదీసి ఇచ్చింది. బండనే గీరమన్నా గీరేలా ఉంది.

"ఫోన్లోకి తుమ్ము" అన్నాను.

"రావట్లేదు."

"ఇన్నాళ్లూ ఆపమంటే ఆగలేదు కదే!"

వియ్యపురాలు మిరియాలపొడి చూపించింది. ఇల్లెగిరే తుమ్ము. హాల్లో పళ్లెం సగం ఖాళీ, సుద్ద పిడుగు ముక్కు మీదికి, జుట్టులోకి. వంటింట్లో పళ్లెం దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. గడ్డం ఆనించి చూసింది. ఒక్క రేణువు కదల్లేదు.

"మళ్లీ" అంది. శాస్త్రజ్ఞురాలు. ఒకసారి వచ్చిన ఫలితాన్ని నమ్మదు.

మళ్లీ. కదల్లేదు. రిమోట్లోకి తుమ్మి కారు ముందు పళ్లెం పెట్టి చూసింది. కదల్లేదు.

"మాట వెళ్తుంది. తుమ్ము వెళ్లదు" అన్నాను. "మాట తరంగం. తుమ్ము తుంపర. ఇక అమ్మ జబ్బంటావా, అది అంటుకునేది కాదు. ఎవరి పక్కలోంచీ రాలేదు. నీ జలుబు కంటే ఎంతో ముందే ఉంది లోపల."

సుద్ద ముఖంతో ఫోను తీసుకుంది. తనే చేసింది.

"అమ్మా? నేనే. ...నాకు పనైపోయింది."

మేమిద్దరం వంటింట్లోకి వెళ్లిపోయాం. వియ్యపురాలు టీ పెట్టింది. నా గ్లాసులో చక్కెర వెయ్యలేదు. నాకు చక్కెర పడదని ఎవరూ చెప్పలేదామెకి.

22, ఆదివారం

కారు రోజంతా తిరిగింది. లోపలికి: పలక మీద లెక్కలు, ఊడిన పన్ను (తుడిచి, మరిగించి, మళ్లీ తుడిచి), నా కళ్లజోడు. బయటికి: తప్పులు దిద్దిన లెక్కలు, పన్నుకి రసీదు, కళ్లజోడు పెట్టుకున్న కోడలి బొమ్మ. గుండు గీసుకుంది, నిజాయితీగా. కింద 'అత్తయ్య వేషం' అని రాసింది.

ఈ కోడలుపిల్లకి ఇంత వెటకారం ఉందని ఇన్నేళ్లలో గమనించలేదు. నాకు పోటీ వస్తుందని దాచుకున్నట్టుంది.

23, సోమవారం

పరీక్షకి రక్తం తీసుకెళ్లారు.

ఇల్లు తుడిచాను. మళ్లీ తుడిచాను.

24, మంగళవారం

పెరిగాయి.

డాక్టరు ఫోన్లో చెప్పాడట. అబ్బాయి మాకు చెప్పబోయి, చెప్పలేక, అంకెలు రాసుకున్న కాగితం మా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు. చికిత్స ఇంకా ఉంది. ఇంకో విడత మందులున్నాయి, మళ్లీ ఈ తలుపు మూసే రోజులూ ఉన్నాయి. అవి అప్పుడు చూసుకుందాం. ఇప్పటికి పిడుగు లోపలికి వెళ్లొచ్చు. జలుబు కూడా తగ్గింది. మూతికి గుడ్డ కట్టాలి, చేతులు కడగాలి.

వియ్యపురాలు పిల్లకి సరిపోయే మూతిగుడ్డ కుట్టింది. ఈసారి సూది కింద గుడ్డ ఉంది.

తలుపు తీశారు. పరిగెడుతుందనుకున్నాను. పరిగెత్తలేదు. గడప ఇవతల నిలబడి ముందు కారుని పంపింది. అది మంచం దాకా వెళ్లి, ఒక చుట్టు చుట్టి, క్షేమంగా తిరిగొచ్చింది. అప్పుడు రిమోటు నా చేతికిచ్చి, మూతిగుడ్డ మీద ఇంకా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని లోపలికి నడిచింది.

"చేతులు తియ్యవే, నీ ముఖం చూడనీ" అంది కోడలు.

"తుమ్మొస్తే?"

"గుడ్డ ఉందిగా. అది నీ కాపలా, నువ్వు కాస్త సెలవు తీసుకో."

చేతులు తీసింది. తల్లి తల మీద చెయ్యి వేసి, ముందుకీ వెనక్కీ నిమిరి చూసింది. "నానమ్మా," అని కేకేసింది బయటికి, "వస్తోంది! గరుకుగా వస్తోంది! సైన్సు కరెక్టే!"

వియ్యపురాలు నా భుజం మీద తల ఆనించింది. నా జాకెట్టు చేతికి దారం వేలాడుతోంది. చూసింది. ఊరుకుంది.

సాయంత్రం కోడలు పిలిచింది. గుమ్మంలో నిలబడ్డాను. "ఇలా లోపలికి రండత్తయ్యా" అంది. వెళ్లాను. ఏం మాట్లాడుకున్నామో రాయను. నాకు గుర్తుంటుంది.

కారు వాళ్ల మంచం కిందే ఉంది. రిమోటు నా బల్ల మీద ఉంది. బ్యాటరీలు తియ్యలేదు. రేపు పొద్దున్నే కావాలి.